86 వరదలో తడిసిన గ్రూపు ఫోటో: ఏఐలో పెడితే మొహం మారిపోతోంది, పటానికి ఎలా తయారుచేయాలి?

లంకకుర్రోడు (పి.గన్నవరం వైపు)

అందరికీ నమస్కారమండి. స్టూడియోకి వచ్చిన ఒక పని దగ్గర చిక్కు పడింది, తెలిసినవాళ్ళు చెప్పండి.

నలుపు తెలుపు ఫోటో, హాఫ్ ప్లేట్ సైజు, అంటే నాలుగూముప్పావు బై ఆరున్నర అంగుళాలు. 1970ల మొదట్లో పెళ్ళిలో తీసిన గ్రూపు, తొమ్మిదిమంది ఉన్నారు. మధ్యలో కుర్చీలో కూర్చున్న తాతగారిని విడదీసి, గృహప్రవేశానికి కొత్తింటి హాల్లో పెట్టుకునేలా 12 బై 18 పటం కట్టమన్నారు. ఆయనది ఇంకో ఫోటో లేదట. గడ్డం నుంచి నుదుటి దాకా కొలిస్తే మొహం 8 మిల్లీమీటర్లు. 1986 గోదావరి వరదకి ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు తడిసింది. అడ్డంగా గోధుమరంగు నీటి చార, అక్కడక్కడా బూజు చుక్కలు. కింద ఎడమ మూల అద్దానికి అంటుకుపోయి ఊడి రావడం లేదు.

అద్దంతో పాటే కానన్ లైడ్ స్కానర్ మీద 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, గూగుల్ ఏఐ జెమినైలో పెట్టి ‘పాత ఫోటో బాగుచెయ్యి, మొహం మార్చొద్దు’ అని అడిగాను. తళతళలాడుతూ వచ్చింది. మనవడు చూసి అదిరిందన్నాడు. పెద్దావిడ మాత్రం ‘ఎవర్రా ఈయన?’ అంది. పక్కపక్కన పెట్టి చూస్తే మీసం ఒత్తయింది, చెవులు చిన్నవయ్యాయి, ఎడం కన్ను కాస్త పైకెక్కింది. ఫొటోషాప్ న్యూరల్ ఫిల్టర్లలోని ఫోటో రెస్టొరేషన్‌తో మొహం అంత మారలేదు గానీ మైనపు బొమ్మలా తేలింది.

మొహం మారకుండా ఏఐ వాడే దారి ఉందా? ఏ సాఫ్ట్‌వేర్, ఏ సెట్టింగు? నా దగ్గర 24 మెగాపిక్సెల్ కెమెరా, ఫొటోషాప్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. మూడు వారాలు టైముంది.

పాతఫోటో

ఏఐ సంగతి తర్వాత. ముందు ఆ స్కాన్ పక్కన పడేయండి. లైడ్ స్కానర్లలో ఉండేది సీఐఎస్ సెన్సర్. దానికి ఫోకస్ లోతు బొత్తిగా ఉండదు, కాగితం స్కానర్ గాజుకి ఆనుకుని ఉంటేనే స్పష్టంగా పడుతుంది. పటం అద్దం మందం రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది కదా, అంత ఎత్తున ఉన్న ఫోటో మసగ్గానే వస్తుంది. ఆ మసక మొహం చూసి ఏఐ తనకి తోచింది గీసింది.

అంటుకున్న మూల లాగొద్దు. ఫోటో పైపొర జెలటిన్. మన ప్రాంతపు చెమ్మకి అది ఉబ్బి, మెత్తబడి, ఆరేటప్పుడు గాజుకి పట్టేస్తుంది. లాగితే బొమ్మ గాజు మీద ఉండిపోయి తెల్ల కాగితం మీ చేతికొస్తుంది. ఏటవాలుగా చూస్తే ఎంతమేర అంటుకుందో తెలుస్తుంది: అంటిన చోటు తడిసినట్టు ముదురుగా, అంటని చోటు కాస్త పేలవంగా కనపడుతుంది. నీళ్ళలో నానబెడితే వస్తుందని కొందరు చెబుతారు. వస్తుంది కూడా, కానీ వరదలో ఒకసారి నానిన జెలటిన్ రెండోసారి తట్టుకుంటుందన్న నమ్మకం లేదు. చేత్తో రంగులద్దిన ఫోటో అయితే రంగు కూడా పోతుంది. కాపీ తీసే దాకా ఆ ఆలోచనే వద్దు. బూజుని తడిగుడ్డతో తుడవడం కూడా అంతే, చుక్క కాస్తా మరకవుతుంది. అంటని భాగం మీద పొడి మెత్తటి బ్రష్, గాలి బల్బు చాలు. మూతికి మాస్కు కట్టుకోండి.

కాపీ కెమెరాతోనే తీయాలి. ఫోటోని బల్ల మీద పడుకోబెట్టి, కెమెరాని ట్రైపాడ్ మీద నిలువుగా కిందికి చూసేలా బిగించండి. రెండు పక్కలా సమాన దూరంలో ఒకేరకం ఎల్ఈడీ లైట్లు, 45 డిగ్రీల కోణం. గాజులో కెమెరా నీడ పడకుండా లెన్సు చుట్టూ నల్లగుడ్డ. ఐఎస్ఓ 100, ఎఫ్8, రా ఫైలు (కెమెరా మార్పులు చేయని అసలు ఫైలు), రెండు సెకన్ల టైమరు. లైట్ల ముందు పోలరైజింగ్ షీట్లు, లెన్సుకి సర్క్యులర్ పోలరైజర్ పెట్టుకుంటే ఇంకా మంచిది. షీట్లు రెండూ ఒకే దిక్కుకి ఉండాలి. ఫోటో పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి లెన్సు మీది పోలరైజర్ తిప్పండి. బిళ్ళ మెరుపు చచ్చిపోయిన చోట ఆపండి. గాజు మెరుపూ, పాత ఫోటోల నల్లటి భాగాల్లో తేలే వెండి జిగీ రెండూ పోతాయి. వెలుతురు రెండు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి సగం) తగ్గుతుంది, షట్టర్ నెమ్మది చేసుకోండి.

లెక్క చూడండి. 24 మెగాపిక్సెల్ అంటే 6000 బై 4000. ఫోటో పొట్టి వైపు నాలుగూముప్పావు అంగుళాలు కాబట్టి, అంచులు కాస్త వదిలినా సుమారు 800 డీపీఐ వస్తుంది. 8 మిల్లీమీటర్ల మొహానికి 250 పిక్సెళ్ళు. మాక్రో లెన్సు ఉంటే మొహం ఒక్కటీ దగ్గర్నుంచి ఇంకో షాట్ తీయండి, కానీ ఎక్కువ ఆశపడొద్దు. కాగితం మీద లేని వివరాన్ని లెన్సు తీసుకురాలేదు, అక్కణ్ణుంచి పెరిగేది పిక్సెళ్ళే.

ఇంకొకటి, నలుపు తెలుపు ఫోటో అయినా కలర్‌లోనే తీయాలి. ఫొటోషాప్‌లో ఛానెల్స్ (ఎరుపు, పచ్చ, నీలం విడివిడి బొమ్మలు) తెరిచి ఒక్కొక్కటీ విడిగా చూడండి. గోధుమరంగు నీటి చార నీలం ఛానెల్‌లో నల్లగా, ఎరుపు ఛానెల్‌లో దాదాపు మాయమై ఉంటుంది. ఎరుపు ఛానెల్‌నే కాపీ చేసి కొత్త ఫైలుగా పెట్టుకోండి. గంట రీటచింగ్ పని అక్కడే తప్పుతుంది, ఏఐ అక్కర్లేకుండా. ఫోటో మీద నీలి సిరాతో ఏదైనా రాసుంటే దానికి తిరగేసి నీలం ఛానెల్. ఇది నలుపు తెలుపుకే. 80ల నాటి కలర్ ప్రింట్లకి ఈ చిట్కా పనికిరాదు, వాటిలో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు ముందు వెలిసిపోయి ఎర్రబారతాయి, ఎరుపు ఛానెల్‌లోనే బొమ్మ పలచబడి ఉంటుంది.

కాలవగట్టు_కోడర్

మొహం ఎందుకు మారుతోందో చెబుతాను, అది తెలిస్తే సెట్టింగు మీకే తడుతుంది.

జెమినై లాంటివి ఫోటోలో పాడైన చోటు మాత్రమే ముట్టుకోవు. మీ ఫోటోని చూసి మొత్తం బొమ్మని మళ్ళీ గీస్తాయి. ‘మొహం మార్చొద్దు’ అన్న మాట దానికి ఒక సూచన, తాళం కాదు. అందుకే కన్ను పైకెక్కింది. 2025లో వచ్చిన జెమినై 2.5 ఫ్లాష్ ఇమేజ్, అంటే మొదటి నానో బనానా, ఇచ్చేది సుమారు 1024 పిక్సెళ్ళ బొమ్మ. 12 బై 18కి 300 డీపీఐలో 3600 బై 5400 కావాలి. ఆ లెక్కనా చాలదు.

రెండో రకం, మొహాల కోసమే చేసినవి: జీఎఫ్‌పీగ్యాన్, కోడ్‌ఫార్మర్ వగైరా. ఇవి నేర్చుకున్నది ఎఫ్ఎఫ్‌హెచ్‌క్యూ అనే 70,000 మొహాల సేకరణ మీద. అన్నీ ఫ్లికర్ నుంచి తీసుకున్న, ఈ కాలపు కెమెరాల్లో పడ్డ స్పష్టమైన మొహాలు. ఉత్తరీయం, గుబురు మీసం, నుదుట తిరునామం ఉన్న మన తాతల మొహాలు అందులో ఎన్నుంటాయి చెప్పండి? వివరం తగ్గేకొద్దీ మోడల్ తను చూసినవాటి వైపు మొగ్గుతుంది. 2020లో పల్స్ అనే మోడల్‌కి బరాక్ ఒబామా చిన్న మసక ఫోటో ఇస్తే తెల్లాయన బొమ్మ ఇచ్చి పెద్ద రగడ అయింది. కారణం ఇదే.

కోడ్‌ఫార్మర్‌లో ఫిడెలిటీ అని 0 నుంచి 1 దాకా ఒక మీట ఉంటుంది. 0 వైపు వెళ్తే అందం, 1 వైపు వెళ్తే పోలిక. నెట్‌లో డెమోలన్నీ 0.5 దగ్గర చూపిస్తారు. ఇంటివాళ్ళకిచ్చే ఫోటోకి 0.8 కింద నేనైతే దిగను. కాకపోతే దాని లైసెన్సు వాణిజ్యానికి ఒప్పుకోదు, డబ్బు తీసుకునే పనికి వాడకూడదు. జీఎఫ్‌పీగ్యాన్ అపాచీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు, కాకపోతే అది నునుపు ఎక్కువ చేస్తుంది.

మొహాన్ని గుర్తించకుండా కేవలం పెద్దది చేసేవి మూడో రకం. రియల్ ఈఎస్ఆర్‌గ్యాన్ అలాంటిది, అప్‌స్కేల్ (Upscayl) అనే ఉచిత ప్రోగ్రాంలో అదే కుటుంబం మోడళ్ళు ఉంటాయి. మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, 8 జీబీ కార్డు చాలు, కస్టమర్ ఇంటి ఫోటో బయటి సర్వర్‌కి ఎక్కదు. గీతలు కదలవు, అసలు మీద పెడితే అచ్చంగా కూర్చుంటుంది. అందులో ఫేస్ ఎన్‌హాన్స్ లాంటిది ఎక్కడ కనపడినా ఆపేయండి.

లంకకుర్రోడు

ఆయ్, చాలా థ్యాంక్సండి ఇద్దరికీ. ఎరుపు ఛానెల్ ఇప్పుడే చూశాను. పాత స్కాన్‌లోనే చార ముప్పాతిక వంతు పోయింది!

ఇంకో అనుమానం. అప్‌స్కేల్ చేశాక కూడా మొహం నూనెరంగుల బొమ్మలా కొంచెం తేలుతోంది. మొహం అసలుది ఉంచి మిగతాదంతా ఏఐది పెడితే అతుకు కనపడదా? అలాగే కలర్ చేయమంటున్నారు.

నరసాపురం_రీటచ్

కనపడుతుంది, గ్రెయిన్ (ఫిల్మ్ ఫోటోల్లో కనపడే సన్నటి రవ్వ) కలపకపోతే. క్రమం ఇది.

అడుగున ఎరుపు ఛానెల్ ఫైలు, 16 బిట్. దాన్ని తాళం వేసి ముట్టుకోకండి. దాని మీద ఖాళీ లేయరు, బూజు చుక్కలూ గీతలూ అందులోనే హీలింగ్ బ్రష్‌తో, 200 శాతం జూమ్‌లో. మొహం మీది చుక్కలు చేత్తోనే తీయండి. ఆటోమేటిక్ స్క్రాచ్ రిడక్షన్‌కి వదలకండి, ఎందుకంటే దానికి మన వస్తువులు తెలియవు. ముక్కుపుడక తెల్లచుక్క కదా, దుమ్మనుకుని తీసేస్తుంది. నిలువు నామాన్ని గీత అనుకుంటుంది. స్ఫోటకం మచ్చలు నున్నగా చేసేస్తుంది. ఆ తరంవాళ్ళని ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టేది ఆ మచ్చలతోనే. పంచె అంచు సన్నగీత, అదీ పోతుంది. వెనక కొబ్బరాకులుంటే ఈనెలన్నీ కలిపేసి ఫెర్న్ ఆకులు చేస్తుంది. పూర్తయ్యాక ఈ అయిదూ చూసుకోండి.

ఆ పైన అప్‌స్కేల్ చేసిన లేయరు. అసలుని కూడా అదే సైజుకి, ఏఐ లేని మామూలు పద్ధతైన బైక్యూబిక్‌లో పెంచి కింద పెట్టుకోవాలి. ఏఐ లేయరుకి నల్ల మాస్కు వేసి, తెల్ల బ్రష్‌తో గోడ, కుర్చీ, బట్టలు, చేతులు బయటికి తీయండి. మొహం దగ్గర బ్రష్ ఒపాసిటీ 25, 30కి దించి బుగ్గలూ నుదురూ మాత్రమే. కళ్ళు, పెదాలు, మీసం, చెవులు, ముక్కు అంచు అసలువే ఉండాలి, మసగ్గా ఉన్నా సరే. పోలికంతా అక్కడే ఉంటుంది.

అంటుకున్న మూలలో బొమ్మ పోయి ఉంటే అక్కడ జెనరేటివ్ ఫిల్ వాడుకోవచ్చు. కుర్చీ కాలూ, నేలా ఎవరికీ పట్టింపు లేదు. ఎంపిక చేసిన ముక్క పెద్దదైతే మెత్తగా వచ్చే జబ్బు దానికుంది, చిన్న చిన్న ముక్కలుగా చేయండి. పక్కన ఉన్న నేలనే తెచ్చి అతికిస్తే చాలనుకుంటే కంటెంట్ అవేర్ ఫిల్ సరిపోతుంది, అది నెట్ లేకుండానే నడుస్తుంది.

చివర అన్నిటి మీదా ఒక బూడిదరంగు లేయరు, ఓవర్‌లే మోడ్‌లో. దానికి గాసియన్ నాయిస్ 3 నుంచి 4 శాతం, మోనోక్రోమాటిక్, ఆపైన అర పిక్సెల్ బ్లర్. ఏఐ తాకిన చోట గ్రెయిన్ ఉండదు, తాకని చోట ఉంటుంది, అతుకు బయటపడేది అక్కడే. ఒకే గ్రెయిన్ మొత్తానికీ పరిస్తే కన్ను మోసపోతుంది.

పోలిక పరీక్ష: రెండు కనుపాపలు, ముక్కు కొన, పెదాల చివరలు, ఈ అయిదు చోట్లా అసలు మీద గైడ్ గీతలు పెట్టి, ఏఐ లేయరు వెలిగించి ఆర్పండి. ఒక్క బిందువు కదిలినా ఆ లేయరు మొహానికి పనికిరాదు. ఆ తర్వాత పెద్దావిడకి చూపించండి, మనవడికి కాదు.

కలర్ విషయం. మోడల్‌కి ఆ ఉత్తరీయం అంచు ఎరుపో పచ్చో తెలిసే వీలు లేదు, ఫిల్మ్ మీద రెండూ ఒకే బూడిద కావొచ్చు. అడిగి తెలుసుకుని మీరే వేయాలి. అడిగినా గుర్తు లేదంటే నలుపు తెలుపులోనే ఉంచి, కొంచెం వెచ్చటి టోన్ ఇవ్వండి.

గోదారోడు_క్లిక్స్

ఇంత తతంగం ఎందుకండీ బాబూ. పటం పనికి వచ్చేది ఎంత, మీరు చెప్పింది రెండు రోజుల పని. ఫోన్‌లో ఫ్రీగా నిమిషంలో వస్తుంటే కస్టమర్ మన దగ్గరికి ఎందుకొస్తాడు? తళతళలాడేదే అడుగుతున్నారు, ఇచ్చేస్తే పోయె. పోయిన నాన్నగారిని కొడుకు పెళ్ళి ఫోటోలో నిలబెట్టమని వచ్చేవాళ్ళున్నారు, దానికి ఏం పోలిక పరీక్ష పెడతారు?

నరసాపురం_రీటచ్

ఫోన్‌లో నిమిషంలో వచ్చేది వాళ్ళే చేసుకుంటారు, మన దాకా రారు. మన దాకా వచ్చింది పెద్దావిడ ‘ఎవర్రా ఈయన’ అన్నాకే. రేటు ఆ పనికి తగ్గట్టు ముందే చెప్పాలి, కాపీ తీయడం ఒకటి, రీటచ్ ఒకటి, ప్రింటు ఒకటి అని విడివిడిగా. నిజానికి రెండు రోజులు పట్టదు. లైట్లు అమర్చి ఉంటే కాపీ అరగంట, రీటచ్ ఒక పూట.

పెళ్ళి ఫోటోలో నాన్నగారిని నిలబెట్టడం వేరే పని. అది తెలిసి చేయించుకునే బొమ్మ, తప్పేం లేదు. వెలుతురు ఏ వైపు నుంచి పడుతోందో కలిపి, అసలు ఫోటోలోని మొహమే కోసి పెట్టండి, కొత్తగా గీయించొద్దు. ప్రింటు వెనక ‘కలిపిన ఫోటో’ అని సంవత్సరంతో సహా రాయండి. ఫైల్ ఇన్ఫోలో డిస్క్రిప్షన్ దగ్గరా అదే. ఇరవై ఏళ్ళు పోతే ఆ ఇంటి పిల్లలకి ఏది నిజమో చెప్పేవాళ్ళుండరు. పాస్‌పోర్టు లాంటి వాటికి మాత్రం ఏఐ తాకిన ఫోటో ఇవ్వొద్దు, సాఫ్ట్‌వేర్‌తో మార్చిన ఫోటో వాళ్ళు ఒప్పుకోరు.

పాతఫోటో

అందరూ ప్రింటు చుట్టూనే తిరుగుతున్నారు. నెగెటివ్ అడిగారా? ఆ రోజుల్లో పెళ్ళి గ్రూపులు ఎక్కువగా 120 ఫిల్మ్ మీద తీసేవారు. తీసిన స్టూడియో ముద్ర ఫోటో వెనకో, అట్ట మీదో ఉంటుంది. ఆ స్టూడియో వారసులు పెట్టెల్లో దాచి ఉండొచ్చు. ఆరు సెంటీమీటర్ల నెగెటివ్ దొరికితే అందులో ఉన్న వివరం ముందు ఈ ప్రింటు ఎందుకూ పనికిరాదు, ఏఐ ఊసే అక్కర్లేదు. వెనిగర్ వాసన కొడితే ఫిల్మ్ అడుగుపొర పాడవుతున్నట్టు, ఆలస్యం చేయకుండా స్కాన్ చేయండి. ఎప్సన్ వీ600 మీద పెడితే డిజిటల్ ఐస్ ఆపేయండి. అది ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ముని వెతుకుతుంది. నలుపు తెలుపు నెగెటివ్‌లో వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకుంటుంది కాబట్టి బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది.

దొరక్కపోతే, 12 బై 18 పటం కోరితే బొమ్మ కూడా అంత ఉండాలని లేదు. 250 పిక్సెళ్ళ మొహాన్ని నాలుగంగుళాలు చేస్తే 1200 పిక్సెళ్ళు కావాలి, దాదాపు అయిదు రెట్లు. నడుము దాకా ఉంచి, బొమ్మ 8 బై 10, చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంటు (అట్ట చట్రం) పెట్టండి. మొహం అంగుళంన్నర చిల్లర ఉంటుంది, ఆరడుగుల దూరం నుంచి చూస్తే మసక కనపడదు. ఆ మౌంటు వల్ల ఇంకో లాభం: ఫోటోకీ గాజుకీ మధ్య రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది, ఈసారి చెమ్మకి అంటుకోదు. పటం వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అతికించి గోడకి ఆనకుండా వేలాడదీయమనండి. స్నానాల గది గోడ మీద మాత్రం వద్దు.

లంకకుర్రోడు

అట్ట వెనక స్టూడియో ముద్ర సగం చెరిగిపోయింది గానీ ఊరి పేరు అమలాపురం అని చదవగలిగాను. వెళ్ళి అడుగుతాను. ఈలోపు కాపీ తీసి పెట్టుకుంటా. మాక్రో లెన్సు లేదు, 18-55 కిట్ లెన్సుతో పనవుతుందాండి?

పాతఫోటో

అవుతుంది. ఫోటో ఆరున్నర అంగుళాల వెడల్పు ఉంది, అంత దగ్గరికి కిట్ లెన్సే ఫోకస్ చేస్తుంది. 18 దగ్గర పెట్టకండి, అంచులు వంగుతాయి. 45, 50 మధ్య ఉంచి, రా తెరిచేటప్పుడు లెన్స్ కరెక్షన్ ఆన్ చేయండి. ఆటోఫోకస్ని నమ్మొద్దు, గాజు మీది దుమ్ముని పట్టుకుంటుంది. లైవ్ వ్యూలో పది రెట్లు పెంచి, మాన్యువల్‌లో తాతగారి మీసం మీద ఫోకస్ చేయండి. షట్టర్ బటన్ చేత్తో నొక్కకండి, టైమరే.